జమా వాసిల్ బాకీయా, వాసల్ బాకీయా?

కరణంగారి మనవడు: పాత రెవిన్యూ కాగితాలు చూసినవాళ్లు ఈ గ్రూపులో ఉన్నారు కదా, ఒక సందేహం. జమాబందీ (ఏటా శిస్తు లెక్కలు తేల్చడం) కబుర్లు చెప్పేటప్పుడు తాతగారు 'జమా వాస... బాకీ' అని గుక్క తిప్పుకోకుండా అనేవారు. మధ్య మాట వాసలా, వాసిలా, వసూలా? అదొక్కటీ గుర్తు రాక బుర్ర తినేస్తోంది. అర్థం తెలుసు: కట్టాల్సింది, కట్టింది, మిగిలింది. ఇప్పటి డి.సి.బి. (డిమాండు, కలెక్షను, బ్యాలెన్సు) రిజిస్టరే. పనిలో పని ఇంకొకటి. ఆ మూడో గడికి ఇంగ్లీషు పేరు బ్యాలెన్సు. షార్జాలో ఉన్న మా తమ్ముడు అక్కడ ఫోన్లో బ్యాలెన్సుని 'రసీద్' అంటారంటున్నాడు. మరి బాకీ ఎటు పోయింది?

దర్గాకొండ దిగువ: వాసిల్ అండీ, ఇందులో చర్చేముంది. అరబ్బీ ధాతువు, అక్షరాలు వావ్, సాద్, లామ్. చేరడం వుసూల్, చేరినది వాసిల్. మన వసూలు అందులో మొదటిది. ఇక బ్యాలెన్సుకి అరబ్బీలో ఒక్క మాట సరిపోదు. తూకం వేసేది మీజాన్. తాడు మీద నడిచేవాడు పడిపోకుండా ఉంటే తవాజున్, దేశాల బలాబలాలదీ తవాజునే. బ్యాంకులోదీ ఫోన్లోదీ రసీద్. కొట్టువాడు తిరిగిచ్చే చిల్లర బాకీ. అక్కడ బాకీ అంటే మిగిలింది, అంతే. అప్పు వాసనే లేదు. అల్లా నామాల్లో అల్ బాకీ ఉంది, ఎప్పటికీ ఉండేవాడు అని. అబ్దుల్ బాకీ అనే పేరు విని నవ్వేవాళ్లు కాస్త ఆగండి.

దొండపర్తి లెక్కలు: ధాతువు సరే. నోట్లో ఏమన్నారన్నది కదా ప్రశ్న? మరాఠీలో 'వాసలాత' ఉంది, సి కాదు, స. మన కచేరీ మాటలు చాలావరకు మరాఠీ గుమాస్తాల నోట్లో నలిగి వచ్చినవే. తాతగారు వాసల్ అనే అని ఉంటారు. అరబ్బీ నిఘంటువు పట్టుకుని పెద్దాయన నోరు దిద్దకండి.

దర్గాకొండ దిగువ: శ్రీకాకుళం సర్కారుకి మరాఠీ గుమాస్తాలెక్కడివి మాస్టారూ? ఇక్కడ ఉన్నది గోల్కొండ, ఆ తరవాత నిజాము. పారసీ కాగితం సరాసరి వచ్చింది.

పూర్ణామార్కెట్ కాటా: మీజాన్ అంటే త్రాసా? మాకు త్రాసు కాటాయే. మీజాను మా చిట్టాలో ఉంటుంది. పొడుగాటి ఎర్రట్ట పుస్తకం, పేజీ అడుగున పెన్సిలు గీత, గీత కింద 'మీ' అని పొడి అక్షరం, దాని పక్కన మొత్తం. మా నాన్న రోజూ రాత్రి మీజాను వేశాకే షట్టరు దించేవారు.

దర్గాకొండ దిగువ: ఉర్దూలోనూ మీజాన్‌కి మొత్తం అన్న అర్థముంది. మీకు వచ్చింది ఆ దారినే.

దొండపర్తి లెక్కలు: త్రాసు మొత్తం ఎలా అయిందో నేను చెప్తాను. జమ వైపూ ఖర్చు వైపూ అడుగున సరితూగాలి, అందుకని. అరబ్బీలో ట్రయల్ బ్యాలెన్సు మీజానుల్ మురాజఅ, బడ్జెట్టు మీజానియ్య. అన్నీ ఆ రెండు పళ్లేలే.

పూర్ణామార్కెట్ కాటా: మా చిట్టాకి ఒకటే పళ్లెం సార్, అరువు ఇచ్చినవాళ్లది! సరే గానీ, ఆ ఫోను రసీదూ మన రశీదూ ఒకటే అయ్యుండాలి. డబ్బు ఉందని చెప్పే కాగితం.

దర్గాకొండ దిగువ: కానే కాదు. వాళ్లది సాద్‌తో. ఆ ధాతువుకి కనిపెట్టి చూడడం అని అర్థం, నక్షత్రాల్ని గమనించే వేధశాలని మర్సద్ అంటారు. మనది పారసీ రసీదన్, చేరడం, సీన్‌తో. రషీద్ అనే మనిషి పేరు షీన్‌తో, అది మూడోది.

దొండపర్తి లెక్కలు: సీన్ అయితే తెలుగులో రసీదు ఉండాలి. శ ఎక్కడిది?

సీతమ్మధార అక్క: ఈకారం ముందు సకారం మన నోట శకారంలోకి జారడం కొత్తా?

దొండపర్తి లెక్కలు: మరి పారసీ షీషా మన దగ్గర సీసా ఎందుకయిందమ్మా? అక్కడా ఈకారమే. అటు జారాల్సింది ఇటు జారిందేం?

సీతమ్మధార అక్క: నాలుక రూళ్లకర్ర కాదు మాస్టారూ. అసలు ఈ మాటలన్నీ నవాబుల కచేరీల నుంచే దిగాయన్నట్టు మాట్లాడుతున్నారు, శ్రీనాథుణ్ణి మరిచిపోయి. హరవిలాసంలో అవచి తిప్పయ్యసెట్టి ఓడ బేరాల సీసం తీయండి. 'హురుమంజి బలు తేజి హరులఁ దెచ్చి'. హురుమంజి హోర్ముజ్ రేవు. తేజి పారసీ తాజీ, అంటే అరబ్బు. రేవులో గుర్రం దిగింది, దానితోపాటు మాటా దిగింది.

దొండపర్తి లెక్కలు: తేజి తేజస్సు నుంచి. పారసీ దాకా పరుగెందుకు?

సీతమ్మధార అక్క: హరి అంటేనే గుర్రం. తేజి అన్నా గుర్రమే అయితే సెట్టిగారు గుర్రపు గుర్రాల్ని తెచ్చారా? అరబ్బు గుర్రాలు అంటేనే పాదం నిలబడుతుంది. ఆ సీసంలో ప్రతి సరుక్కీ ఊరు పేరుంది, సింహళం ఏనుగులు, గోవ జవ్వాజి, భోట కస్తూరి, చీనీ పట్టు. గుర్రానికి ఊరుతోపాటు జాతి కూడా చెప్పాడు. అదీ ఆయన చెయ్యి.

దొండపర్తి లెక్కలు: వేగం కల గుర్రాలు అన్నా నిలబడుతుంది. పారసీలోనే కావాలంటే తేజ్ ఉంది, చురుకు అని.

సీతమ్మధార అక్క: ఇందాక తేజస్సు అన్నారు!

కరణంగారి మనవడు: అక్కా, వాసిల్ సంగతి...

పూర్ణామార్కెట్ కాటా: శ్రీనాథుడి దగ్గరికే వచ్చాం కాబట్టి ఆయన డి.సి.బి. కూడా వేసేద్దాం. కౌలు డబ్బు కట్టలేక ఆయన చెప్పుకున్న చాటువు ఉందిగా, 'ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు', ఏడువందల టంకాలు. జమ 700, వాసిల్ సున్నా, బాకీ 700.

సీతమ్మధార అక్క: ఆ చాటువు ఎత్తుగీతి మొదటి పాదం చూడు తమ్ముడూ, 'కృష్ణవేణమ్మ గొనిపోయె నింత ఫలము'. వరదకి పోయింది కొంత, పిట్టలు తిన్నది కొంత. మాఫీ గడి వెయ్యకుండా బాకీ తేలుస్తావా?

దర్గాకొండ దిగువ: మాఫీ కూడా అరబ్బీ ధాతువే, క్షమించడం.

కరణంగారి మనవడు: మా తమ్ముడు ఇప్పుడే రాశాడు. గల్ఫులో నోటిమాటగా 'మా ఫీ' అంటే లేదు అనిట. 'మా ఫీ రసీద్' అంటే ఫోన్లో బ్యాలెన్సు లేదని.

దొండపర్తి లెక్కలు: అది రెండు మాటలు, ఇది ఒకటి. రుణమాఫీకి దానికీ ముడి పెట్టకండి.

పూర్ణామార్కెట్ కాటా: మా కొట్లో రెండూ ఒకటే సార్.