కుస్కో నుంచి ఒక్క రోజులో మాచు పిచ్చు: పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. మేం డల్లాస్‌లో ఉంటాం. అమ్మానాన్న రాజమండ్రి నుంచి వచ్చి రెండు నెలలైంది. వాళ్ళు తిరిగి వెళ్ళేలోపు, మే నెలలో, పెరూ చూపిద్దామని ఉంది. చేతిలో ఆరు రోజులే ఉన్నాయి. కుస్కో ఊళ్ళో ఉంటూ గైడుతో ఒక్క రోజులో మాచు పిచ్చు (కొండ మీది ఇంకాల పాత నగరం) చూసి రాత్రికి గదికి వచ్చేసే టూర్లు చాలా కనిపిస్తున్నాయి. తెల్లవారుజామున నాలుగింటికి హోటల్ దగ్గర ఎక్కించుకుని రాత్రి ఎనిమిదిన్నరకు దింపుతామంటున్నారు. నాన్నకు 67, ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, నడకకు ఢోకా లేదు. అమ్మకు 61, మోకాళ్ళ నొప్పులు, పైగా శాకాహారి. ఒక్క రోజులో అయ్యే పనేనా? ఉన్నదున్నట్టు చెప్పండి. ఫొటోలు ఇప్పటికే చాలా చూశాను.

రాళ్ళపిచ్చి:
అవుతుంది. మేం 2024 జూన్‌లో అలాగే వెళ్ళొచ్చాం. కాకపోతే కొండ మీద ఉండేది రెండున్నర గంటలే. మిగతాదంతా ఎక్కడం, దిగడం, లైన్లో నిలబడడం.

మూడున్నరకు లేచాం. కుస్కో నుంచి ఒల్లాంతాయ్‌తాంబో దాకా వ్యాన్లో దాదాపు రెండు గంటలు. మలుపులు ఎక్కువ, వెనక సీట్లో ఇద్దరికి వాంతులయ్యాయి, అందులో ఒకడిని నేనే. అక్కడి నుంచి రైలు గంటన్నర పైన, ఉరుబాంబా నది పక్కనే పోతుంది. వెళ్ళేటప్పుడు ఎడమవైపు సీటు దొరికితే నది మీదే. రైలు దింపే ఊరు ఆగ్వాస్ కాలియెంతెస్, వేడినీళ్ళని అర్థం. అక్కడ మళ్ళీ బస్సు, పాము మెలికల మట్టి రోడ్డు మీద అరగంట. అప్పుడు గేటు. టికెట్ మీద మీరు లోపలికి వెళ్ళాల్సిన టైము రాసి ఉంటుంది. వ్యాను ఆలస్యమైతే రైలు పోతుంది, రైలు పోతే ఆ టైమూ పోతుంది. అందుకే సొంతంగా ఒక్కొక్కటీ కొనుక్కోవడం కన్నా పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు అన్నీ ఒకరి చేతిలో పెట్టడమే నయం. మాకు మనిషికి మూడు వందల డాలర్ల దాకా అయింది. ఎక్కువే, కానీ ఆ రోజు టెన్షన్ వాళ్ళు పడ్డారు, మేం పడలేదు.

మెట్లభయం:
అమ్మగారి మోకాళ్ళ గురించి. నాకూ అదే బాధ, అందుకే ఈ పేరు పెట్టుకున్నాను. అక్కడి మెట్లు మన తిరుమల మెట్లలా ఒక కొలతలో ఉండవు. ఒకటి జానెడు, పక్కది మోకాలెత్తు. చాలాచోట్ల పట్టుకోవడానికి ఏమీ లేదు. ఎక్కడం కన్నా దిగడమే నరకం.

ముఖ్యంగా చూసుకోవాల్సింది సర్క్యూట్. 2024 నుంచి లోపల మూడు సర్క్యూట్లుగా విడగొట్టారు, టికెట్ ఏ సర్క్యూట్‌దైతే ఆ దారిలోనే నడవాలి. ఒకటోది పైనుంచి చూసే దారి, అందరూ పెట్టే ఫొటో అక్కడిదే, కానీ కట్టడాల మధ్యకు వెళ్ళనివ్వరు. రెండోదానిలో పైనుంచీ చూడొచ్చు, కిందికి దిగి లోపలా తిరగొచ్చు, అందుకే అది ముందు అయిపోతుంది. మూడోది కింది భాగం, ఎక్కుడు తక్కువ. నేను మూడోది తీసుకున్నాను. సూర్య దేవాలయం, కాండోర్ (రాబందు) గుడి దగ్గరగా చూశాను. ఆ ప్రసిద్ధమైన ఫొటో మాత్రం రాలేదు, మా ఆడపడుచు ఇప్పటికీ 'అసలు వెళ్ళావా' అంటుంది. టూర్ వాళ్ళు 'ప్రవేశ టికెట్ కలిపే' అని రాస్తారు, ఏ సర్క్యూటో రాయరు. డబ్బు కట్టే ముందే రాతపూర్వకంగా అడగండి.

ఇంకోటి, లోపల బాత్రూములు లేవు. గేటు బయటే ఉన్నాయి, రెండు సోల్‌లు (పెరూ డబ్బు) తీసుకుంటారు. చిల్లర ఉంచుకోండి. బయటికి వస్తే మళ్ళీ లోపలికి పోనివ్వరు.

పచ్చిపులుసు:
పేర్ల సంగతి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. మనవాళ్ళకు ఇది మస్తు ఇబ్బంది. మా ఆయన పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, మొత్తం పేరు రెండో గడిలోనే ఉంది. ఏజెన్సీ వాళ్ళు వాళ్ళకు తోచినట్టు విడగొట్టి, అందులో ఒక ముక్క వదిలేసి టికెట్ తీసిన్రు. గేటు దగ్గర పాస్‌పోర్టు చూసి పక్కన నిలబెట్టిన్రు. ఇరవై నిమిషాలు. వెనక లైను కదులుతోంది, పిల్లలు లోపల, ఈయన బయట. పాస్‌పోర్టు నంబరు సరిగ్గా ఉంది కాబట్టి మా గైడు స్పానిష్‌లో బతిమాలి లోపలికి తీసుకొచ్చిండు. మేం ఇద్దరమే ఉంటే ఏమయ్యేదో తెల్వదు.

పాస్‌పోర్టు మొదటి పేజీ ఫొటో పంపండి, టికెట్ రాగానే ఒక్కో అక్షరం సరిపోల్చండి. ఆ రోజు అసలు పాస్‌పోర్టే దగ్గర ఉండాలి, రైల్లో కూడా అడుగుతారు.

కాగడా:
గైడు గురించి నాది వేరే మాట. మా గుంపులో పదిహేను మంది. గైడు ప్రతి రాయి దగ్గరా ముందు స్పానిష్‌లో, తర్వాత ఇంగ్లీషులో చెప్పాడు. అంటే సగం సేపు మేం గాలి చూస్తూ నిలబడ్డాం. పైగా 'త్వరగా, త్వరగా'. మా అమ్మ ఒక మెట్టు మీద కూర్చుని అలా కొండల వైపు చూస్తుంటే గార్డు వచ్చి లేపాడు, దారి ఆపకూడదని. పుస్తకం చదువుకుని వెళ్తే చాలనిపించింది.

రాళ్ళపిచ్చి:
కాగడా గారూ, అది గైడు తప్పు కాదు, గుంపు తప్పు. మాకు దొరికినాయన కుస్కో మనిషే, ఇంట్లో క్వెచువా మాట్లాడతారట. ఆ భాషలో మాచు పిచ్చు అంటే 'ముసలి కొండ' అని అర్థం చెప్పాడు. అమెరికా ప్రొఫెసర్ హైరం బింగమ్ 1911లో దీన్ని కనిపెట్టాడని మనం బడిలో చదువుకున్నాం కదా, ఆ మాటంటే గైడు ముందు నవ్వాడు. బింగమ్ వచ్చేసరికే అక్కడ రైతు కుటుంబాలు ఉన్నాయి, కొండవాలున మెట్లలా కట్టిన ఆ మెట్టల మీద పంట వేసుకుంటున్నాయి. ఆయనకు దారి చూపింది అక్కడివాళ్ళే. అంతకు తొమ్మిదేళ్ళ ముందే, 1902లో, అగుస్తిన్ లిసారాగా అనే ఆయన మూడు కిటికీల గుడి గోడ మీద బొగ్గుతో పేరు రాసిపోయాడు. ఇది చెబుతూ మా గైడు 'కనిపెట్టడం అంటే ఎవరికి కనపడటం?' అన్నాడు. నాకు ఆ యాత్ర మొత్తంలో గుర్తుండిపోయిన మాట అదే.

మీకు వీలైతే మరో కుటుంబంతో కలిసి గైడును విడిగా పెట్టుకోండి. పెద్దవాళ్ళ నడకకు తగ్గట్టు నడుస్తాడు.

పచ్చిపులుసు:
ఆ బింగమ్ తీసుకుపోయిన వస్తువులు వంద ఏళ్ళు అమెరికాలో యేల్ యూనివర్సిటీలో ఉండె. 2011, 2012లల్ల తిరిగి ఇచ్చిన్రు. ఇప్పుడు కుస్కోలోనే కాసా కొంచా మ్యూజియంల ఉన్నాయి. వాన పడ్డ సాయంత్రం అక్కడికి పోండి, జనం ఉండరు.

ఉప్పుపిండి:
ఎత్తు గురించి రాయకుండా అందరూ మెట్ల గురించి రాస్తున్నారు. నేను నర్సును. మాచు పిచ్చు 2,430 మీటర్లు. కుస్కో దాదాపు 3,400. అంటే ఊపిరి ఆడక ఇబ్బంది పడేది శిథిలాల దగ్గర కాదు, మీ హోటల్ గదిలో. రాజధాని లిమా సముద్రం ఒడ్డున ఉంటుంది, అక్కడ విమానం ఎక్కి గంటన్నరలోపు కుస్కోలో దిగుతారు. తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం, ఇవన్నీ మొదటి రాత్రే. ఆ మర్నాడే నాలుగింటికి పెద్దవాళ్ళను లేపితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

నా సలహా: కుస్కో ఎయిర్‌పోర్టు నుంచి తిన్నగా ఒల్లాంతాయ్‌తాంబోకి దిగిపోండి. అది 2,800 మీటర్ల లోపే. రెండు రాత్రులు అక్కడ పడుకుని, అక్కడి నుంచే రైలెక్కండి. ఒక్క రోజు యాత్ర ఒక్క రోజులోనే అవుతుంది, పొద్దున రెండు గంటలు, రాత్రి రెండు గంటలు వ్యాను తప్పుతుంది. కుస్కో చివర్లో చూడొచ్చు. ఎత్తుకు వేసుకునే మాత్రల విషయం ఇద్దరి డాక్టర్లనూ అడగండి, సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి తప్పక చెప్పాలి. బీపీ మాత్రలు మానకండి.

హోటళ్ళలో కోకా ఆకుల టీ ఇస్తారు, తాగొచ్చు. ఆ పొట్లాలు మాత్రం సంచిలో వేసుకుని డల్లాస్ తీసుకురావద్దు. అక్కడ టీ, ఇక్కడ నిషేధం.

గోదారిగట్టు:
అబ్బ, ఉప్పుపిండి గారూ, కుస్కో మాచు పిచ్చు కన్నా ఎత్తని నాకు ఇప్పటిదాకా తెలియదు. కింద ఊరు, పైన కోట అనుకున్నాను. ప్లాన్ మార్చేస్తున్నాను. తిండి సంగతి?

మెట్లభయం:
బెంగ పెట్టుకోవద్దు. బంగాళదుంప పుట్టింటికి వెళ్తున్నారు, రకరకాల రంగుల్లో దొరుకుతుంది. ఉడికించిన పెద్ద గింజల మొక్కజొన్న జున్నుతో ఇస్తారు, చోక్లో అంటారు. కినోవా సూప్ ప్రతిచోటా ఉంటుంది, కానీ అది కోడి రసంతో కాచారేమో అడగాలి. 'సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో' అని కాగితం మీద రాసుకుని చూపించండి. మాంసం, కోడి, చేప వద్దని. ఒట్టి 'వెజిటేరియన్' అంటే నాకు ఒకచోట చికెన్ తీసేసి అదే సూప్ ఇచ్చారు. మేం పులిహోర పొడి, ఆవకాయ తీసుకెళ్ళాం. కొండ మీద తిననివ్వరు, రైల్లో తిన్నాం.

కాగడా:
దోమల మందు రాసుకోండి. అవి దోమలు కూడా కావు, చిన్న ఈగల్లా ఉంటాయి. కుట్టినప్పుడు తెలియదు, రాత్రికి కాళ్ళు పిడకలు కొట్టిన గోడలా అవుతాయి.

డల్లాస్‌బాబాయ్:
కాగితాల విషయం. భారతీయ పాస్‌పోర్టు ఉన్నా, కనీసం ఆరు నెలల గడువున్న అమెరికా వీసా ఉంటే పెరూకు విడిగా వీసా అక్కర్లేదు. అయినా బయల్దేరే ముందు వాళ్ళ కాన్సులేట్ మాట చూసుకోండి. మీ హెచ్1బీ (అమెరికా ఉద్యోగ వీసా) స్టాంపింగ్ గడువు ఉందా? ఒట్టి అప్రూవల్ కాగితం పట్టుకుని వెళ్తే పెరూ నుంచి తిరుగు విమానం ఎక్కనివ్వరు. మా ఆఫీసులో ఒకతను లిమాలో ఇరుక్కుని వారాలు గడిపాడు.

అమ్మానాన్న పెరూ నుంచి ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే ఎల్లో ఫీవర్ టీకా కార్డు అడుగుతారు, లేకపోతే క్వారంటైన్. డల్లాస్‌లో వారం పైన ఉండి వెళ్తే ఆ గొడవ లేదు. అరవై దాటినవాళ్ళకు ఆ టీకా ఊరికే వేయరు, కాబట్టి తిరుగు టికెట్ తేదీ జరుపుకోవడమే తేలిక.

గోదారిగట్టు (రెండు నెలల తర్వాత):
వెళ్ళొచ్చాం! అందరికీ పేరుపేరునా థాంక్స్. ఎలా జరిగిందో రాస్తున్నాను.

ఒల్లాంతాయ్‌తాంబోలో రెండు రాత్రులు ఉన్నాం. మొదటి రోజు అమ్మకు తలనొప్పి, రెండో రోజుకు పోయింది. ఆరింటి తర్వాత రైలు, స్టేషన్‌కు నడిచే వెళ్ళాం. రెండో సర్క్యూట్ దొరకలేదు. అమ్మకు, మా ఆవిడకు మూడోది, నాకూ నాన్నకూ ఒకటోది తీసుకున్నాను. టికెట్ 152 సోల్‌లు, బస్సు ఒకవైపు 12 డాలర్లు. విడిపోయి వెళ్ళడం తప్పేమో అనిపించింది, కానీ గేటు బయట మళ్ళీ కలిశాక అమ్మ చెప్పిన కబుర్లే ఎక్కువ. ఆమె లామాలను (అక్కడి ఒంటె జాతి జంతువులు) దువ్వబోతే గార్డు ఈల వేశాడట. మోకాళ్ళు రెండుచోట్ల మొరాయించాయి, వాళ్ళ గైడు చెయ్యి పట్టుకుని దింపాడు. 'కడుపున పుట్టినవాడు పైకెళ్ళి కూర్చున్నాడు, ఎవరి బిడ్డో నన్ను దింపాడు' అని ఇప్పటికి పదిసార్లు అంది.

నాన్న సంగతి వేరు. ఫొటో తీసే చోట అందరూ ముందుకు తోసుకుంటుంటే ఆయన వెనక్కి తిరిగి మెట్టల గట్లు చూస్తున్నారు. మా గైడు అడుగున పెద్ద రాళ్ళు, పైన కంకర, ఇసుక, ఆ పైన మట్టి అని చెప్పాడో లేదో, నాన్న అతన్ని పట్టుకున్నారు. ఏడాదికి దాదాపు రెండు మీటర్ల వాన పడే కొండ, ఐదు వందల యాభై ఏళ్ళుగా జారలేదంటే నీళ్ళు ఎటు పోతున్నాయి? ఊట దగ్గర నుంచి 749 మీటర్ల రాతి కాలువ, దాని కింద వరసగా పదహారు నీటి ధారలు ఉన్నాయని అతను చెప్పాడు. వాలు ఎంత పెట్టారని ఈయన అడిగారు. అతనికి తెలియదు. ఇద్దరూ నేల మీద వేలితో గీతలు గీస్తూ నిలబడ్డారు. నేను తెలుగు, ఇంగ్లీషు మధ్య తర్జుమా చేయలేక చచ్చాను. కట్టడంలో సగానికి పైగా భూమి లోపలే ఉందని ఇంజనీర్ల అంచనా అని చెప్పినప్పుడు నాన్న నా వైపు తిరిగి, 'మన దగ్గర కనపడని పనికి బిల్లు పాసు కాదురా' అన్నారు.

దిగేటప్పుడు బస్సు లైను గంట. వాన. రైలు పది నిమిషాల్లో ఉందనగా ఎక్కాం. మధ్యాహ్నం రైలు కాకుండా కాస్త లేటుది తీసుకోవాల్సింది, అది నా తప్పు.

మెట్లభయం:
అమ్మగారు బాగున్నందుకు సంతోషం. ఆ మూడో సర్క్యూట్ గైడు ఏ ఏజెన్సీ ద్వారా దొరికాడో మెసేజ్ చేయండి. మా ఆడపడుచు డిసెంబరులో వెళ్తానంటోంది.

ఉప్పుపిండి:
డిసెంబరంటే వానలు మొదలవుతాయి, గొడుగు కాదు, రెయిన్‌కోటు తీసుకెళ్ళమనండి. నాన్నగారికి వాలు లెక్క దొరికిందా?

గోదారిగట్టు:
ఇంకా లేదు. పొద్దున్నుంచి నా లాప్‌టాప్ ఆయన దగ్గరే ఉంది.