జారు, ఒదిగింపు, పొందిక: వాద్యాల కాగితం మీద ఏ మాట రాయాలి?

గుంపులోని పెద్దలకు నమస్కారం. చెన్నైలో ఉంటాను. వీణ, వేణువు, వయొలిన్, చెల్లో (వయొలిన్ జాతిదే, పెద్దది), మృదంగం కలిపి ఒక రచన చేస్తున్నాను. మొన్న మైలాపూరులో రిహార్సల్లో ఒక చోట ఆగిపోయాం. పంచమం (ప) రెండు అక్షరాలు (తాళపు లెక్కలో), అక్కణ్ణుంచి తారషడ్జానికి (పై స) జారు, అంటే తెగకుండా ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారడం. చెల్లో వాయించేవారి కాగితంలో గ్లిస్సాండో గీత (జారమని చెప్పే పాశ్చాత్య గుర్తు) గీసిచ్చాను. ఆవిడ కమాను ఆనించగానే జారడం మొదలుపెట్టారు. తప్పు నా రాతదే. స్టాఫ్ నొటేషన్‌లో (పాశ్చాత్య స్వరలిపిలో) ఆ గీతకు అర్థం స్వరం నిడివంతా జారమనే. నాకేమో పంచమం నిలబడి, చివర్లో మాత్రం జారాలి. ఇప్పుడా స్వరాన్ని ఒకటిన్నర, అర అని విడదీసి, రెంటినీ టైతో (రెండు స్వరాలను ఒకటిగా కలిపే వంపుగీతతో) కలిపి, అర దగ్గర నుంచి గీత గీశాను. పైన 'నిలిచి జారు' అని రాశాను.

సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగులో వెలువరించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో గమకాలకు (స్వరాన్ని ఊపే, జార్చే పద్ధతులకు) గుర్తులున్నాయి. ఆ పేర్లు చూడండి: నొక్కు, జారు, ఒదిగింపు. చెయ్యి ఏం చెయ్యాలో మాటే చెప్పేస్తుంది. ఆర్కెస్ట్రేషన్‌కు (ఏ వాద్యం ఎప్పుడేం వాయించాలో పంచి రాసే పనికి) మాత్రం అలాంటి మాట దొరకడం లేదు. 'వాద్య సమ్మేళనం' అంటే కచేరీ పేరులా ఉంది, అందులో పని కనబడదు. ఒకదానికొకటి చోటిచ్చుకోవడమే కదా అని 'ఒదిగింపు' అందామనుకున్నాను. ఏమంటారు?

జవాబు (వీణ నేర్పేవారు): వద్దండీ. మాకు ఒదిగింపు అంటే వీణ మెట్టు మారకుండా తీగ లాగి పై స్వరం పలికించడం. అదే కాగితం మీద రెండర్థాలైతే వాయించేవాళ్లు తికమకపడతారు. 'కూర్పు' సరిపోదా?

జవాబు (అచ్చుపని చేసినవారు): కూర్పు అంటే మాకు అక్షరాలు పేర్చడం, సినిమావాళ్లకు ఎడిటింగ్. ఇంకో పని మోయలేదు పాపం. మా అమ్మమ్మ సామాను సర్దిన గదిని చూసి 'పొందికగా ఉంది' అనేది. ఆ మాట పనికొస్తుందేమో చూడండి.

పొందిక! ఈ మాట వినగానే నా రెండో చిక్కు కూడా తెలిసొచ్చిందండీ. వీణ నాదం మీటగానే పుట్టి తరిగిపోతుంది. చెల్లో నాదం కమాను ఆడినంతసేపూ నిలుస్తుంది. రెంటికీ ఒకే స్థాయిలో (ఆక్టేవ్‌లో) ఒకే స్వరం ఒకేసారి రాసిపెట్టాను, వీణ వినబడలేదు. శబ్దం తగ్గించి వాయించమని చెల్లోకు చెప్పి చూశాను, చాల్లేదు. నిన్న రాత్రి చెల్లోను ఒక స్థాయి కిందికి దించి, వీణ మీటిన అర అక్షరం తర్వాత ఎత్తుకునేలా తిరగరాశాను. ముందు వీణ మీటు చెవికి అందుతుంది, అది తరుగుతుండగా కింది నుంచి చెల్లో వస్తుంది.

మొదటి పేజీలో 'వాద్యాల పొందిక' అని రాసుకున్నాను. ఒదిగింపును వీణ కాగితానికే ఉంచేశాను, దాని పాత అర్థంలోనే. వేణువుకు జారు ఎలా రాయాలో తెలిసినవారుంటే చెప్పండి, ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం.