మైన్‌క్రాఫ్ట్: చీకటి అడవిలో పట్టపగలే చచ్చాను, సామాను పోయినట్టేనా?

పులుసన్నం:
మా అక్క కొడుకు ఆరో తరగతి. ఒకే ల్యాప్‌టాప్‌లో, జావా ఎడిషన్ అనే వెర్షన్‌లో, ఒకే ప్రపంచం వంతులేసుకుని ఆడుతున్నాం. ఊళ్ళో మ్యాపులమ్మేవాడికి కాగితాలు 24 చొప్పున అమ్మీ అమ్మీ వాడి లెవెల్ పెంచి, చివరికి 14 ఎమరాల్డ్‌లు (ఆటలో డబ్బులు ఇవే), ఒక దిక్సూచి ఇచ్చి అడవి బంగళా మ్యాపు కొన్నాను. ఆటలో మూడు పగళ్ళు నడిచా. మ్యాపు అంచున నన్ను చూపించే చుక్క బెల్లం కొట్టిన రాయిలా కదలదు. దగ్గరికొచ్చి అది పెద్దదయ్యేసరికి ప్రాణం లేచొచ్చింది.

అక్కణ్ణుంచి డార్క్ ఓక్ చెట్లే. కొమ్మా కొమ్మా కలిసిపోయి పందిరి, మధ్యమధ్యలో ఇంటంత పుట్టగొడుగులు. మిట్టమధ్యాహ్నమే కదా అని టార్చ్‌లు పెట్టలేదు. వెనక క్రీపర్, అదే దగ్గరికొచ్చి పేలిపోయే రాక్షసి, ‘స్‌స్‌స్’ అంది. కళ్ళు తెరిస్తే ఇంట్లో మంచం మీద ఉన్నా.

డైమండ్ కత్తి, మ్యాపు, మావాడు ‘మామయ్య గొడ్డలి’ అని పేరు పెట్టి ఇచ్చిన గొడ్డలి, అన్నీ అక్కడే. 5 నిమిషాల్లో మాయమవుతాయని విని టెన్షన్‌తో గేమ్ ఆపేశా. వాడు ఆదివారం వస్తున్నాడు.

రాత్రిపూట_రైలు:
కంగారు పడకన్నా. 5 నిమిషాల లెక్క నిజమే, కానీ ఆ చోటు లోడ్ అయి ఉంటేనే గడియారం తిరుగుతుంది. నువ్వు ఇంటి దగ్గరుంటే సామాను ఎన్నాళ్ళైనా అలాగే పడుంటుంది. తాపీగా కవచం చేసుకో, తిండి పెట్టుకో. దగ్గరికి చేరాక మాత్రం ఆగకు, అప్పుడు మొదలవుతుంది లెక్క. మ్యాపు అదే మనిషి దగ్గర మళ్ళీ కొను, అదే బంగళా చూపిస్తుంది. ఈసారి ఖాళీ మ్యాపుతో కలిపి నకలు తీసి ఇంట్లో పెట్టెలో పెట్టు.

చింతతోపు:
ఆ పందిరి కింద వెలుతురు తక్కువండీ, అందుకే పగలు కూడా రాక్షసులు పుడతాయి. ఎండ తగలదు కాబట్టి జాంబీలు కాలవు. కింద నడవకండి. మట్టి దిమ్మెలు పేర్చుకుని చెట్టెక్కి ఆకుల మీదే నడవండి. ఆకుల మీద జాంబీలూ క్రీపర్లూ పుట్టవు. బంగళా కప్పు కూడా పైనుంచే కనిపిస్తుంది. కాలు జారే సందులు ఉంటాయి, చూసుకోండి.

ఉత్త_చేతులు:
బంగళాలో గొడ్డలి పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాళ్ళని దూరం నుంచే బాణాలతో కొట్టండి. మంత్రగాణ్ణి చంపితే చావు తప్పించే బొమ్మ వస్తుంది. అది చేతిలో ఉండాలి. సంచిలో భద్రంగా దాచుకుని చచ్చినవాణ్ణి నేను.

పులుసన్నం:
దొరికాయి! ఆకుల మీదుగా వెళ్ళా. ఎర్ర పుట్టగొడుగు మొదట్లో గుంట, దాని చుట్టూ సామానంతా. గొడ్డలే ముందు ఏరుకున్నా. బంగళా జోలికి పోకుండా ఇంటికొచ్చి, ఎక్కడివక్కడ సర్దేశా.

ఆదివారం వాడు కూర్చున్నాడు. కత్తి చూశాడు, గొడ్డలి చూశాడు, కింద ఆకుపచ్చ అంకె, అదే చస్తే పడిపోయే నా లెవెల్, చూశాడు. 31 ఉండాల్సిన చోట 7.

‘‘మామయ్యా, ఎక్కడ చచ్చావ్?’’