ఎర్రభుజాల మకా నిజంగా మకానేనా?

ప్రశ్న: సుమారు 30 సెంటీమీటర్లే ఉండి, పొడవులో మన రామచిలుకను కూడా అందుకోని ఎర్రభుజాల మకాను మకాల్లో, అంటే పొడవాటి తోక ఉండి సాధారణంగా పెద్దవిగా ఉండే అమెరికా ఖండాల చిలుకల్లో, ఎందుకు లెక్కిస్తారో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1: ముఖం దగ్గరగా చూడండి. కంటి నుంచి ముక్కు మొదలు వరకు ఈకలు లేని తెల్లని చర్మం కనిపిస్తుంది. ఆ బోసి చెంపే మకా పోలిక. ఒళ్లంతా ఆకుపచ్చ, నుదుట నీలం. భుజం దగ్గరి ఎరుపు మాత్రం రెక్క విప్పినప్పుడే బాగా బయటపడుతుంది, పిల్లపక్షులకు అదీ ఉండదు.

జవాబు 2: పై మాటకు చిన్న చేర్పు. గయానా, వెనెజులా, బ్రెజిల్‌లలో తాటిజాతి చెట్లున్న గడ్డిమైదానాలు దీని నివాసం. ఆ చెట్ల తొర్రల్లోనే గుడ్లు పెడుతుంది. గుంపుగా, గోలగోలగా తిరిగే ఈ పక్షి గయానా రాజధాని జార్జ్‌టౌన్ నగరపు తోటల్లోనూ కనిపించడం నాకెంతో సంతోషం కలిగించే విషయం.