ఛాతీ 44 దాటితే ఆది జాకెట్టు చాలా, కొత్త పాటర్న్ కావాలా?

జగదాంబ జరీ (చర్చ మొదలుపెట్టినవారు)

మన విశాఖ కుట్టు గ్రూపులో ఒక ప్రతిపాదన నడుస్తోంది. తలా కొంత వేసుకుని, ఛాతీ 42 నుంచి 54 వరకు జాకెట్టుకీ కుర్తీకీ కొత్తగా పేపర్ పాటర్న్‌లు (గుడ్డ మీద పెట్టి కోయడానికి గీసిన కాగితపు ముక్కలు) గీయిద్దామని, కావలసినవాళ్ళు ప్రింటు తీసుకుంటారని. కొందరు వెంటనే సరే అన్నారు. కొందరు "మన టైలర్లు మనిషిని చూసి కొలత తీస్తారు, మనకెందుకా కాగితాలు" అంటున్నారు. నాది 46. నేను కాగితం వైపు. ఎందుకో చెబుతాను, ఆ తర్వాత తిట్టండి.

ఛాతీ 44 అని పుస్తకంలో రాసుకోగానే మాస్టర్ దాన్ని నాలుగుతో భాగిస్తాడు. ముందు సగానికి 11, వెనక సగానికి 11, ఆపైన లూజు, మార్జిన్. ఇప్పుడు 44 ఉన్న ఇద్దరిని తీసుకోండి. చంకల కిందుగా, రొమ్ముల పైనుంచి టేపు తిప్పి తీసే పై ఛాతీ ఒకావిడకి 42, ఇంకో ఆవిడకి 38. మొదటావిడది వెడల్పాటి వీపు. రెండో ఆవిడ వీపు సన్నం, ఉన్నదంతా ముందే ఉంది. ఇద్దరికీ ఒకటే కోత కోస్తే రెండో ఆవిడకి వీపు మీద గుడ్డ మడతలు పడుతుంది, ముందు హుక్కుల మధ్య సందులు తెరుచుకుంటాయి. బిగుతుగా ఉందని ఆవిడ చెబితే పక్క కుట్లు విప్పి లూజు చేస్తారు. వీపు ఇంకా వదులవుతుంది, హుక్కులు అలాగే ఉంటాయి. ఎన్ని షాపులు మారినా ఇదే కథ. పై ఛాతీ కొలత అడిగిన టైలర్ నాకు ఇంతవరకు తగల్లేదు.

పూర్ణా మార్కెట్ పిన్ని

అమ్మాయ్, ఇంత లెక్క ఎందుకే. ఒంటికి సరిపోయిన జాకెట్టు ఒకటి ఉంటే అదే ఆది. దాన్ని ఇస్తే మాస్టర్ పరిచి గీసుకుంటాడు. నా జాకెట్లన్నీ అలాగే కుట్టించాను, నేనేమీ సన్నంగా లేను. నచ్చిన మాస్టర్ దొరికితే వదలకుండా పట్టుకోవాలి, అంతే.

జగదాంబ జరీ

పిన్నీ, ఆ సరిపోయిన మొదటి జాకెట్టు ఎక్కడినుంచి తేవాలి? నా బాధ అదేగా. ఉన్న జాకెట్టులో చంక పట్టేస్తుంటే ఆదిలో కూడా అదే చంక వస్తుంది. పైగా నాలుగేళ్ళు తొడిగి ఉతికి సాగిన జాకెట్టు ఆదిగా ఇస్తే కొత్తది ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు.

ఉప్పుగాలి

పొద్దున్నే ఆర్కే బీచ్‌లో నాలుగు రౌండ్లు నడిస్తే పాటర్న్ మార్చక్కర్లేదు కదా. సరదాకే అన్నాను.

మధురవాడ మిషను

నడవడానికైనా ఒంటికి పట్టే బట్టలు కావాలి బాబూ. ఇక్కడ కుట్టు గురించి మాట్లాడుతున్నాం.

గాజువాక మాస్టారు

మేడం గారూ, టైలర్లందరినీ ఒకే గాటన కట్టేశారు. నేను లేడీస్ టైలర్‌నే, సమాధానం సెప్పాలి కదా.

ఛాతీలో నాలుగో వంతు, చంక లోతుకి ఛాతీలో ఆరో వంతు ప్లస్ ఒక ఇంచు, ఇవి నేర్చుకునేవాళ్ళకి సెప్పే లెక్కలు. 36కి చంక 7 వస్తాది, బాగుంటాది. అదే లెక్క 48కి వేస్తే 9 వస్తాది. చంక 9 దించితే చెయ్యెత్తినప్పుడల్లా జాకెట్టు మొత్తం పైకి లేచిపోద్ది. ఆ సంగతి మాకు తెలవదా ఏటి? 40 దాటాక నేను ఆ లెక్క ఒగ్గేస్తాను. చంక ఏడున్నర, మరీ అయితే ఏడూముప్పావు, అంతకి మించి దించను. చెయ్యి లావుంటే చేతి ముక్క వెడల్పు చేస్తాను గానీ చంక దించను. చాలామంది కస్టమర్లే "పట్టేస్తోంది, చంక కిందకి కొయ్యండి" అంటారు. కోస్తే ఇంకా పట్టేస్తాది. పైకి ఎత్తాలి. ఆ మాట సెప్తే నమ్మరు.

ముందు భాగం వెనక కంటే పెద్దది పెట్టడం కూడా మాకు కొత్త కాదు. మనిషి నిలబడితే తెలిసిపోద్ది. ఏ కాగితమూ మనిషిని సూడలేదు.

కోరా గుడ్డ

మాస్టారూ, మీ పోస్టు చదివాక నేను ఇంకా గట్టిగా పాటర్న్ వైపు వచ్చేశాను. "40 దాటాక చంక ఏడూముప్పావు మించను" అన్నారు చూడండి, దాన్ని గీసి పెట్టిందే పాటర్న్. అది మీ తలలో ఉంది. మీ షాపులో కట్టింగ్ నేర్చుకునే అబ్బాయి తలలో లేదు, అక్కయ్యపాలెంలో నా టైలర్ తలలో అసలే లేదు. మీ దగ్గరికి రాగలిగినవాళ్ళకే ఆ జాకెట్టు అందుతోంది.

బయటి దేశాల్లో ఏం చేస్తున్నారో చెబుతాను, నేను ఇంట్లో అవే కుడుతుంటాను. అక్కడి పాత పెద్ద కంపెనీల పాటర్న్‌లు చాలావరకు బి కప్ లెక్కలో గీసినవి. అంటే పై ఛాతీకీ నిండు ఛాతీకీ (రొమ్ముల మీదుగా తీసే కొలత) తేడా రెండు ఇంచులని అనుకుని గీస్తారు. తేడా ఆరు ఉన్న మనిషి నిండు ఛాతీ చూసి సైజు కొంటే భుజాలు జారిపోతాయి. అందుకని పై ఛాతీని బట్టి సైజు తీసుకుని, ముందు ముక్కని మాత్రమే చీల్చి తెరవాలి. చంక నుంచి రొమ్ము మొన దాకా, అక్కడినుంచి నడుము దాకా ఒక కోత, పక్క నుంచి మొన దాకా ఇంకో కోత. తెరిచిన చోట కాగితం అతికిస్తే వెడల్పు పెరుగుతుంది, పొడవూ పెరుగుతుంది, పక్క టక్కు (ఆకారం కోసం గుడ్డ మడిచి వేసే కుట్టు) లోతవుతుంది. భుజం, మెడ, వీపు కదలవు. జరీ గారి రెండో ఉదాహరణలో పై ఛాతీ 38 కాబట్టి బి కప్ పాటర్న్ 40కి సరిపోతుంది. కావలసింది 44. అంటే ఆ నాలుగు ఇంచులూ ముందు భాగానికే, ఒక్కో పక్కకి రెండు.

ఈ చీల్చుడు బాధ లేకుండా అమెరికాలోని కాష్మరెట్ లాంటి కంపెనీలు ఒకే సైజుకి సి–డి, ఇ–ఎఫ్, జి–హెచ్ అని కప్పుల వారీగా వేరువేరు ముందు ముక్కలు గీసి ఇస్తున్నాయి. కొత్త పాటర్న్ అంటే నా దృష్టిలో అది. పాతదాన్ని పెద్దది చేసి "ప్లస్" అని పేరు పెట్టడం కాదు.

అచ్యుతాపురం కట్టింగ్

ఎక్స్‌పోర్టు గార్మెంట్స్‌లో పాటర్న్ సెక్షన్‌లో పనిచేశాను. ఆ చివరి మాట మీద కొంచెం చెప్పాలి.

36 సైజుకి గీసిన ముక్కల్ని ప్రతి మూల దగ్గరా ఇంతింత అని జరిపి 38, 40, 42 తీయడాన్ని గ్రేడింగ్ అంటాం. నాలుగైదు సైజుల వరకు పెద్ద ఇబ్బంది రాదు. అదే లెక్క 52 దాకా లాక్కెళితే మెడ, భుజం కూడా సైజు సైజుకీ పెరుగుతూ పోతాయి. మనిషి లావైతే భుజం ఎముక పొడుగవదు కదా. మెడ జారుతుంది, బ్రా పట్టీ బయటపడుతుంది, భుజం కుట్టు చేతి మీదికి దిగుతుంది. రెడీమేడ్ కుర్తీలో త్రిబుల్ ఎక్సెల్ వేసుకున్నవాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. అందుకే పెద్ద సైజులకి వేరే బేస్ పాటర్న్, వేరే ఫిట్ మోడల్ (తొడిగి చూసే మనిషి) పెట్టుకోవాలి. జర్మనీ పాటర్న్ కంపెనీ బుర్డా సైజు చార్టు చూడండి, అందులో 36, 46 అనేవి సైజు నంబర్లు, ఇంచులు కావు. 36 నుంచి 46 వరకు సైజుకి 4 సెంటీమీటర్ల చొప్పున ఛాతీ 84 నుంచి 104కి వెళుతుంది. 48 నుంచి 6 చొప్పున, 110, 116, 122. అంటే ఒక్కో సైజులో పట్టాల్సిన తేడా పెద్దదవుతోంది. అక్కడే సైజులు తక్కువ, ఒళ్ళ తీరులు ఎక్కువ.

కాబట్టి 42 నుంచి 54 దాకా ఒకే గీతని సాగదీసే పని అయితే నా ఓటు లేదు. డబ్బు దండగ.

సీతమ్మధార స్టూడెంట్

ఫ్యాషన్ డిజైన్ చదువుతున్నాను. అసలు ఎవరి ఒళ్ళు కొలిచి ఈ చార్టులు వేశారని మా క్లాసులో ఒకసారి చర్చ వచ్చింది. అమెరికాలో 1939–40లో దాదాపు 15,000 మంది ఆడవాళ్ళని కొలిచారు, లెక్కలోకి తీసుకున్నది తెల్లవాళ్ళ కొలతలే. 1958లో అక్కడి సైజుల ప్రమాణానికి ఆధారం అదే, 1983లో దాన్ని ఎత్తేశారు. మనకి నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ కాలేజీ) వాళ్ళు ఇండియాసైజ్ అని ఆరు నగరాల్లో 15 నుంచి 65 ఏళ్ళ మధ్యవాళ్ళని 25,000 మందిని త్రీడీ స్కానర్‌తో కొలవాలని పెట్టుకున్నారు. అందులో హైదరాబాద్ ఉంది, మన ఊరు లేదు. అది వచ్చినా రెడీమేడ్‌కి పనికొస్తుంది గానీ జాకెట్టుకి కాదని నా అనుమానం.

బోటిక్ బాధలు

అందరూ కస్టమర్ వైపే మాట్లాడుతున్నారు. నాకు ద్వారకానగర్ దగ్గర చిన్న బోటిక్ ఉంది. 44 దాటితే 150 రూపాయలు ఎక్కువ తీసుకుంటాను, దాచుకోను. లావుగా ఉన్నందుకు జరిమానా అంటారు కొందరు. లైనింగ్ గుడ్డ కొంచెం ఎక్కువ పడుతుంది, దానికి కాదు. రెండో ట్రయల్, మూడో ట్రయల్, విప్పి మళ్ళీ కుట్టడం, ఆ రోజు కారిగర్ కూలి, ఇవన్నీ ఎవరు భరిస్తారు?

కోరా గుడ్డ

మీ లెక్క ఒప్పుకుంటాను. కానీ ఆ రెండో ట్రయల్ ఎందుకు వస్తోంది? నాలుగో వంతు లెక్కతో మొదటి కోత తప్పుతోంది కాబట్టి. పై ఛాతీ, ముందు అడ్డం, వీపు అడ్డం, భుజం నుంచి మొన దాకా పొడవు, చెయ్యి చుట్టుకొలత ముందే తీసి, సరిగ్గా గీసిన ముక్క మీద కోస్తే చాలావరకు ఒక్క ట్రయల్‌తో పోతుంది. అప్పుడు ఆ 150 తగ్గిస్తారా?

బోటిక్ బాధలు

పోతే తగ్గిస్తాను. పోయాక మాట్లాడదాం.

మధురవాడ మిషను

ఇంకో దారి ఉంది. ఫ్రీసూయింగ్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్, మన కొలతలన్నీ ఇస్తే ఆ మనిషికే పాటర్న్ గీసి పీడీఎఫ్ ఇస్తుంది. సైజుల గొడవే లేదు. టైలర్ పద్ధతీ పాటర్న్ పద్ధతీ రెండూ కలిసినట్టు. ఇబ్బందల్లా అందులో జాకెట్టు లేదు, మన కటోరి (కప్పు ముక్క విడిగా కోసి అతికే జాకెట్టు) లేదు. బేస్ బాడీ తీసుకుని మనం మార్చుకోవాలి. ఎ-ఫోర్ కాగితాలు అతికించే ఓపిక లేకపోతే ఇళ్ళ ప్లాన్లు ప్రింటు తీసే షాపులో ఎ-జీరో ఇవ్వండి. ముందు పాటర్న్ మీద ఉండే టెస్ట్ గడి స్కేలుతో కొలుచుకోండి. "పేజీకి సరిపెట్టు" నొక్కారంటే 46 కాస్తా 44 అవుతుంది, తర్వాత పాటర్న్‌ని తిడతారు.

పూర్ణా మార్కెట్ పిన్ని

ఇవన్నీ సరే, చీరలో వచ్చే ముక్క సంగతి ఎవరూ ఎత్తరేం? 80 సెంటీమీటర్లు ఇస్తాడు. దాంట్లో మీ జి–హెచ్ ఎలా పడుతుంది?

జగదాంబ జరీ

పిన్నీ, ఇది అసలైన ప్రశ్న. ఇక్కడ విదేశీ పాటర్న్ ఏదీ పనికిరాదు, వాళ్ళకి ఈ సమస్యే లేదు, మీటర్లలో కొనుక్కుంటారు.

నా లెక్క చెబుతాను. పన్నా (గుడ్డ వెడల్పు) 44 ఇంచులు, పొడవు 80 సెంటీమీటర్లంటే ముప్పై ఒకటిన్నర ఇంచులు. జాకెట్టు పొడవు 15, మార్జిన్‌తో 16. వెనక ముక్క పైన, రెండు ముందు ముక్కలు కింద అని రెండు వరసలు పెడితేనే 32. అక్కడే అర ఇంచు చాలదు, పొడవు కొంచెం తగ్గించాలి. వరసల పక్కన మిగిలే గుడ్డ వెడల్పు 18, 19. చెయ్యి లావు 17 ఉంటే లూజు, మార్జిన్ కలిపి ఒక్కో చేతికి 21 కావాలి. పట్టదు. క్రాస్ కోత (గుడ్డని ఐమూలగా కోయడం) అయితే అసలు మాట్లాడక్కర్లేదు.

అందుకని టైలర్లు చేతికి అతుకు వేస్తారు. ఒక్కొక్కరు ఎక్కడపడితే అక్కడ. నా కంచి చీర జాకెట్టుకి అతుకు చెయ్యి పైకి వచ్చింది, పెళ్ళిలో చీర కొంగు కప్పుకునే తిరిగాను. మన కోసం గీసే పాటర్న్‌లో ఈ అతుకు గీత ముందే ఉండాలి, చంక కిందకి పడేలా, రెండు చేతులకీ ఒకే చోట. జాకెట్టు పాటర్న్ గీస్తే 80 సెంటీమీటర్ల గుడ్డ మీద ముక్కలు ఎలా పరవాలో చూపే బొమ్మతో సహా గీయాలి. లేకపోతే దాన్ని ఎవరూ వాడరు.

గాజువాక మాస్టారు

ఈ మాట నచ్చింది. అతుకు చంక కింద వెనక పక్కకి రావాల, ముందుకి వస్తే చెయ్యి ఊపినప్పుడు కనిపిస్తాది. ఇంకోటి. మన ఊరి ఉక్కపోతకి చంక దగ్గరే ముందు చిరుగుద్ది. అక్కడ టూ బై టూ లైనింగ్ తడిపి ఆరేసి వాడండి, మార్జిన్ ముప్పావు ఇంచు ఒగ్గండి. కటోరి పెద్ద ఛాతీకి మంచిదే. నాలుగు టక్కులతో 46కి కుడితే టక్కు లోతై మొన సూదిలాగ నిలబడిపోద్ది. దాన్ని రెండు టక్కులుగా పంచాలి, లేదంటే ప్రిన్సెస్ కట్‌లో (టక్కుల బదులు పైనుంచి కిందికి సాగే కుట్టు) కలిపేయాలి.

అయితే ఒక ప్రశ్న. నా లెక్కలు కాగితం మీద పెట్టమంటున్నారు. ఆ కాగితం ఊరంతా ప్రింటు తీసుకుంటాది. మరి నాకేటి?

అచ్యుతాపురం కట్టింగ్

న్యాయమైన ప్రశ్న. ఫ్యాక్టరీలో పాటర్న్ మాస్టర్‌కి జీతం ఉంటుంది. ఇక్కడ చందా డబ్బులో మొదటి వాటా గీసినవాళ్ళకే వెళ్ళాలి, ప్రింటుకీ సాఫ్ట్‌వేర్‌కీ తర్వాత.

బోటిక్ బాధలు

అంటే నేను చందా వేసి, నా కస్టమర్లు ఇంట్లోనే కుట్టుకోవడానికి దారి చూపించాలన్నమాట. బాగుంది.

కోరా గుడ్డ

ఇంట్లో కుట్టుకునేవాళ్ళు ఎప్పుడూ కొద్దిమందే అండీ. ఎక్కువమంది ఆ కాగితం పట్టుకుని మీలాంటి షాపుకే వస్తారు. అప్పుడు మీ దగ్గర కోసేవాడు దాన్ని పక్కన పెట్టి నాలుగో వంతు లెక్క వేయకుండా చూసుకోండి, చాలు.

జగదాంబ జరీ

ఇంతవరకు నాకు తేలింది రాస్తున్నాను, కాదంటే చెప్పండి. 42–54 మొత్తం ఒకేసారి వద్దు. ముందు 46 ఒక్కటే, పై ఛాతీ 40కి ఒక ముందు ముక్క, 43కి ఇంకోటి, వీపు కూడా దేనికది వేరు. జాకెట్టు ఒక్కటే, కుర్తీ తర్వాత. ముందు చలవ చేయని కోరా బట్టలో కుట్టి ఇద్దరు ముగ్గురికి తొడిగి చూడాలి. గీయడానికి మాస్టారికి కూలి ముందే ఇవ్వాలి, ఎంతో ఆయనే చెబుతారు. పిన్ని ఇంకా ఆది వైపే అని తెలుసు.

పూర్ణా మార్కెట్ పిన్ని

ఆది వైపే. కానీ నా పై ఛాతీ 43 వచ్చింది, ఇందాకే కోడలు కొలిచింది. కోరా జాకెట్టు తొడిగి చూడమంటే చూస్తాను, చందా మాత్రం వేయను.

గాజువాక మాస్టారు

కొలత తీసేటప్పుడు ఏ బ్రా వేసుకున్నారో, ట్రయల్‌కీ అదే వేసుకుని రమ్మనండి. లేకపోతే నా గీత తప్పంటారు. ఆదివారం కాకుండా ఏ రోజైనా పర్లేదు, పెళ్ళిళ్ళ సీజన్ మొదలవక ముందే బేగి పెట్టుకోండి.