తివాచీ మీద కొవ్వొత్తి మైనం పడింది, ఎలా తీయాలి?

ప్రశ్న: నమస్కారమండీ. రాత్రి కరెంటు పోయినప్పుడు వెలిగించిన ఎర్ర కొవ్వొత్తి ఒరిగి హాల్లో తివాచీ మీద పడింది. అరచెయ్యంత మేర మైనం గడ్డకట్టింది. మా అత్తగారు ఏలూరు నుంచి తెప్పించుకున్న తివాచీ, అందుకే టెన్షన్‌గా ఉంది. వేడినీళ్లు పోయమని ఒకరు, కిరసనాయిలు రాయమని ఒకరు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు 1: రెండూ వద్దండీ. వేడినీళ్లు పోస్తే మైనం కరిగి అడుగుకు దిగుతుంది, ఉన్ని అయితే ముద్దకట్టేస్తుంది కూడా. కిరసనాయిలు వాసన ఒక పట్టాన పోదు, పైగా నిప్పు భయం. పాలిథిన్ కవర్లో ఐసు ముక్కలు వేసి మైనం మీద పావుగంట ఉంచండి. పెళుసెక్కాక స్పూను అంచుతో గీకండి. కత్తి వాడితే పోగులు తెగుతాయి. రాలిన పలుకుల్ని అప్పటికప్పుడు ఏరేయండి, కాలి కింద పడితే మళ్లీ అంటుకుంటాయి.

ప్రశ్న: పైపైన ఉన్నది వచ్చేసిందండీ. పోగుల్లోకి ఇంకింది మిగిలింది. ఇస్త్రీ పెట్టె పెట్టొచ్చా?

జవాబు 2: పెట్టొచ్చు గానీ ముందు అది ఏ పోగో తేల్చుకోండి. ఏలూరు తివాచీ అంటే మామూలుగా ఉన్నే, అయినా చూసుకోవడం మంచిది. అంచున ఒక్క పోగు తెంపి స్టీలు పళ్లెంలో పెట్టి అంటించండి. వెంట్రుకలు కాలిన వాసన వస్తే ఉన్ని, కాగితం కాలిన వాసనైతే నూలు. కరిగి గట్టి పూసలా మారితే సింథటిక్. దాని మీద ఇస్త్రీ పెట్టె అసలు పెట్టకండి, పోగు కరిగితే బాగుచేయలేం. హెయిర్ డ్రయ్యర్‌తో దూరం నుంచి వెచ్చబెట్టి, గుడ్డతో అద్దండి.

ఉన్ని అయితే, పాత తెల్ల నూలు గుడ్డ పరిచి, అన్నిటికన్నా తక్కువ వేడిలో, ఆవిరి లేకుండా, పెట్టెను కొన్ని క్షణాలు ఆనించి తీయండి. మామూలు కొవ్వొత్తి మైనం 60 డిగ్రీల అటూ ఇటూగా కరుగుతుంది, ఎక్కువ వేడి అక్కర్లేదు. కరిగిన మైనాన్ని గుడ్డ పీల్చుకుంటుంది. ప్రతిసారీ శుభ్రమైన వైపు తిప్పాలి, లేదంటే పీల్చిందే తిరిగి అంటుతుంది. న్యూస్‌పేపర్ వద్దు, సిరా దిగుతుంది.

జవాబు 1: ఎర్ర మరక మిగిలితే మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ దూదికి తడిపి, ముందు కనబడని మూలన అద్ది చూడండి. తివాచీ రంగు దూదికి అంటకపోతేనే మరక మీద అద్దండి, రుద్దొద్దు. ఇస్త్రీ పెట్టె పూర్తిగా పక్కన పెట్టాక, కిటికీలు తెరిచి, దగ్గర్లో దీపం, పొయ్యి లేకుండా చూసుకుని చేయండి.

ప్రశ్న: వెంట్రుకలు కాలిన వాసనే వచ్చిందండీ, ఉన్నే. గుడ్డకు మైనం బాగా దిగుతోంది. ఎరుపు కొంచెం ఉంది, రేపు పగలు స్పిరిట్ అద్దుతాను.