ఉడత నాటిన హికరీ మొక్క

ప్రశ్న (కొలంబస్ దగ్గర, ఒహాయో):
అందరికీ నమస్కారం. ఈ మార్చిలోనే ఇక్కడ ఇల్లు కొనుక్కున్నాం. గోంగూర, మిరప వేద్దామని పెరట్లో మడి చేస్తుంటే మధ్యలో జానెడు మొక్క కనిపించింది. పక్కింటి పెద్దాయన చూసి, "హికరీ, వాల్‌నట్ లాంటి గింజలు కాసే ఇక్కడి చెట్టే, పీకకండి" అన్నారు. ఆయన పెరట్లో పెద్ద చెట్టుంది, బెరడు పెచ్చులు పెచ్చులుగా వేలాడుతుంటుంది. మొక్కను తీసి ఇంటి ముందు లాన్‌లో పెడదామంటోంది మా ఆవిడ. బతుకుతుందా? ఎన్నాళ్లకు కాస్తుంది?

జవాబు (సిన్సినాటి):
ఇల్లు కొన్నందుకు శుభాకాంక్షలండీ. దాన్ని నాటింది ఉడతే అయ్యుంటుంది. చలికాలానికని పాతిపెట్టుకుని మర్చిపోతుంటాయి. రాముడు వీపు నిమిరిన ఉడతలు కావివి, చారలు కూడా ఉండవు, కానీ తోటపని మనకన్నా బాగా చేస్తాయి.

బెరడు వేలాడుతోందంటే పెద్దాయన చెట్టు షాగ్‌బార్క్ హికరీ అయ్యుంటుంది. మీ మొక్క దాని పిల్లేనా అన్నది ఇప్పుడే చూసుకోవచ్చు. కాండం మొదట్లో మట్టిని వేలితో మెల్లగా తీయండి. ఈ జాతిలో గింజ మొలిచాక పెంకు మట్టిలోనే ఉండిపోతుంది. లేత రంగులో, నున్నగా, అంచులు కాస్త గట్లు తేలి ఉంటే షాగ్‌బార్క్ అనుకోవచ్చు. నల్లగా, గరుగ్గా ఉంటే అది నల్ల అక్రోటు (బ్లాక్ వాల్‌నట్). బిటర్‌నట్ అని ఇంకో హికరీ ఉంది. చలికాలంలో దాని మొగ్గలు పసుపు రాసినట్టుంటాయి, కాయ చేదు, నోట్లో పెట్టలేం.

ఇక తీసి వేరేచోట పెట్టడం గురించి. వద్దండీ. తాటి టెంక పాతరేస్తే ముందు కిందకి దిగుతుంది చూశారూ, ఇదీ అంతే. పైకి జానెడే కనిపించినా కింద తల్లివేరు మూరెడుంటుంది. మూడేళ్లలో 2 నుంచి 3 అడుగులు దిగిపోతుంది. పారతో తవ్వితే తెగేది ఆ వేరే. మేం ఇల్లు కొన్న కొత్తలో నేను తొందరపడి ఓ నర్సరీలో ఆరడుగుల కుండీ మొక్క కొన్నాను. రెండేళ్లు అంగుళం పెరగలేదు, మూడో ఏడు ఎండిపోయింది. తవ్వి చూస్తే వేళ్లన్నీ కుండీ లోపల ఉన్నట్టే చుట్టకుదురులా చుట్టుకుని ఉన్నాయి. అదే ఏడు ఊరికే పాతిన గింజ ఇప్పుడు నాకన్నా ఎత్తుంది.

కాబట్టి మడినే పక్కకు జరపండి. కాకపోతే ముందు టేపు పట్టుకుని కొలవండి. ఇది 70, 80 అడుగులు పెరిగే చెట్టు. ఇంటికి కనీసం 30 అడుగుల దూరం ఉండాలి, పైన కరెంటు తీగలుండకూడదు, కింద కారు పెట్టకూడదు. కాయ రాలితే టాప్ మీద సొట్ట ఖాయం.

చోటు కుదరకపోతే ఆ మొక్క మీద ఆశ వదిలేసి, శరత్కాలంలో పెద్దాయన్ని కాయలడగండి. పైతొక్క నాలుగు చీలికలుగా విడిపోతుంది. గింజల్ని బకెట్ నీళ్లలో వేయండి. తేలినవి చాలావరకు పురుగు తిన్నవే, పారేయండి. మునిగినవాటిని చెట్టు ఎక్కడ కావాలో అక్కడే అంగుళంన్నర లోతున పాతి, పైన అర అంగుళం కన్నుల జాలీ పరవండి. జాలీ లేకపోతే మర్నాటికి గుంటలే మిగులుతాయి. చలికాలమంతా చలి తగిలితేనే ఇవి వసంతంలో మొలుస్తాయి, చలి ఒహాయోలో దండిగా ఉంటుంది. మొలక కనబడగానే జాలీ ఎత్తేసి, కుందేళ్లు కొరక్కుండా చుట్టూ తడికలా కట్టండి. తవ్వే పనుంటే కొన్ని రోజుల ముందే 811కి ఫోన్ చేయండి. గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు.

కాపంటారా, గింజ నుంచి పెరిగిన షాగ్‌బార్క్ బాగా కాయడానికి దాదాపు 40 ఏళ్లు. మీ మనవలు తింటారు.

జవాబు (డాలస్, టెక్సస్):
పైన అన్నయ్యగారు చెప్పింది నిజమే. మా టెక్సస్ రాష్ట్ర వృక్షం పెకాన్ కూడా హికరీ జాతిదే, అంటు మొక్క వేస్తే అంతకన్నా చాలా ముందే కాస్తుంది. ఇంట్లో పిల్లలకు అక్రోటు, పెకాన్ పడకపోతే మాత్రం ఈ కాయల జోలికి పోకండి. ఈ చెట్ల దగ్గర వేస్తే టమాటాలు చచ్చిపోతాయని కొందరు భయపెడతారు. నల్ల అక్రోటు కింద ఆ బాధ ఎక్కువ, హికరీ దగ్గర తక్కువే. అసలు చెట్టు పెద్దదయ్యాక ఆ నీడలో మిరప ఎలాగూ కాయదు.

ప్రశ్న అడిగినవారు:
వేలితో తీసి చూశానండీ. లేత రంగు పెంకు, సగం తెరుచుకుని, చిన్న గిన్నెలా ఉంది. మళ్లీ కప్పేశాను. ఇంటికి 38 అడుగులొచ్చింది. గోంగూర మడి మారింది, మా ఆవిడ ఒప్పుకుంది. ఇంతకీ ఆ జాలీని షాపులో ఏమని అడగాలి?

జవాబు (సిన్సినాటి):
హార్డ్‌వేర్ క్లాత్ అనండి. క్లాత్ అన్నారు కదా అని బట్ట కోసం వెతక్కండి, అది ఇనుప తీగల జాలీ. మొదటిసారి నేను పావుగంట కర్టెన్ల వరసలో తిరిగాను.